పార్కిన్సన్స్ మందు పెంచాక నాన్నగారు జూదంలో పడ్డారు: ఇది స్వభావమా, మెదడులో వచ్చిన మార్పా?

మాస్టారి అమ్మాయి (ప్రశ్న)

మా నాన్నగారికి 67 ఏళ్ళు. భీమవరం దగ్గర ఒక పల్లెటూళ్ళో లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆరేళ్ళ క్రితం కుడిచేయి వణకడం మొదలైతే పరీక్షించి పార్కిన్సన్స్ జబ్బు అన్నారు. అప్పటి నుంచి మూడు పూటలా సిండోపా (లెవోడోపా ఉన్న మాత్ర) వేసుకుంటున్నారు. ఏడాదిన్నర క్రితం, తర్వాతి మాత్ర వేళ కాకముందే చేతులు బిగుసుకుపోతున్నాయని చెబితే, డాక్టరుగారు ప్రమిపెక్సోల్ కూడా చేర్చి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ రోజుకు 3 మిల్లీగ్రాముల వరకు తెచ్చారు. నడక బాగుపడింది, చొక్కా గుండీలు తానే పెట్టుకుంటున్నారు. ఆ మేరకు మాకు ఏ ఫిర్యాదూ లేదు.

అసలు బాధ వేరే ఉంది. నాన్నగారు ఏనాడూ పేక ముక్క ముట్టిన మనిషి కారు. సంక్రాంతికి ఊరు ఊరంతా కోడిపందేల బరి దగ్గరుంటే, ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేవారు. అలాంటిది పోయిన సంక్రాంతికి, భోగి నాడు ‘ఊరికే చూసి వస్తాను’ అని బయలుదేరినాయన, కనుమ సాయంత్రానికి పందేల్లోనూ గుండాటలోనూ కలిపి లక్షా నలభై వేలు పోగొట్టుకున్నారు. పండుగ సరదా పండుగతో పోతుందనుకున్నాం. పోలేదు. తోటల్లో ఆడే కోతముక్క దగ్గరకు వెళ్ళడం, చేపల చెరువు లీజు డబ్బు ఆరు నెలల ముందే తెచ్చుకోవడం, చివరకు అమ్మ గొలుసు తాకట్టు పెట్టడం వరకు వచ్చింది. అడిగితే ఒకసారి ఏడుస్తారు, మరోసారి విసుక్కుంటారు, మర్నాడు మళ్ళీ వెళ్తారు.

ఆయనకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇంటి ఖర్చు రూళ్ళ పుస్తకంలో రాసే అలవాటు ఉంది. ఈ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుందని మీకు తెలిసే ఉంటుంది. ఆయన అక్షరాలు ఇప్పుడు చీమల బారులా ఉన్నాయి. మొన్న భూతద్దం పెట్టి చదివాను. ‘పాలు 64, కరివేపాకు 5, గుండాట 8,000’ అని ఒకే వరుసలో ఉంది. మా దగ్గర ఎంతో దాచిన మనిషి ఆ పుస్తకం దగ్గర ఒక్క రూపాయి కూడా దాచలేదు, కూడికల్లో ఒక్క తప్పూ లేదు.

అమ్మ ‘బుద్ధి మారిపోయింది’ అంటోంది. మా మేనమామ ‘బావ ఇన్నాళ్ళూ అణచుకున్నది ముసలితనంలో బయటపడింది’ అంటారు. నాలుగు నెలలకొకసారి చూపించుకునే చోట వణుకు, నిద్ర, మలబద్ధకం అన్నీ అడిగారు గానీ డబ్బు సంగతి ఎవరూ అడగలేదు. మేము కూడా సిగ్గుపడి చెప్పలేదు. లెక్క ఇంత సరిగ్గా తెలిసిన మెదడు తనను తాను ఎందుకు ఆపుకోలేకపోతోంది? ఇందులో మందు పాత్ర ఏమైనా ఉందా?

నాడీ వైద్యం, విశాఖ

మొట్టమొదట ఒక్క మాట: ఇది చదివి ప్రమిపెక్సోల్‌ను మీ అంతట మీరు ఆపేయవద్దు. ఎందుకో చివర్లో చెబుతాను. మీ ప్రశ్నకు సూటి జవాబు, అవును, మందు పాత్ర ఉండే అవకాశం బలంగా ఉంది; పార్కిన్సన్స్ వైద్యంలో ఇది బాగా తెలిసిన విషయమే.

మెదడు అడుగు భాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి భాగం ఉంది. అక్కడి నాడీకణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, స్ట్రయాటం అనే భాగానికి పంపుతాయి. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు క్రమంగా చనిపోతాయి. డోపమిన్‌కు మెదడులో సొంత పని ఉందని 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ చూపించారు. ఆ కృషికి 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. 1960లో వియన్నాలో ఓలే హార్నికీవిచ్, ఈ రోగుల స్ట్రయాటంలో డోపమిన్ బాగా తగ్గిపోయి ఉంటుందని కనుగొన్నారు. ఇంతవరకు కథ కదలికలదే.

అయితే స్ట్రయాటం అంతా ఒకే పని చేయదు. దాని పైభాగం ప్రధానంగా కదలికలకు, అలవాటైన పనులకు సంబంధించింది. కింది భాగం, అంటే న్యూక్లియస్ అక్యుంబెన్స్ ఉన్న చోటు, కోరికకు, ప్రతిఫలం కోసం ఎదురుచూడడానికి సంబంధించింది. జబ్బు తొలి ఏళ్ళలో పైభాగంలోనే ఎక్కువ డోపమిన్ పోతుంది, కింది భాగం చాలావరకు మిగిలి ఉంటుంది. మాత్ర మాత్రం తేడా చూడదు. ఎండిన పైమడికి నీళ్ళు చాలాలని తూము పూర్తిగా ఎత్తితే, తడి ఆరని కిందిమడి మునిగిపోయినట్టే ఇదీ. పైగా ప్రమిపెక్సోల్, రొపినిరోల్ వంటి మందులు డీ3 అనే రకం రిసెప్టర్లకు, అంటే కణాల మీద డోపమిన్‌ను అందుకునే చోట్లకు, ఎక్కువగా అతుక్కుంటాయి, ఆ రిసెప్టర్లు దట్టంగా ఉన్నది ఆ కింది భాగంలోనే.

ఇక లెక్క తెలిసీ ఆగలేకపోవడం గురించి. కోతులకు పండ్లరసం ఇస్తూ డోపమిన్ కణాలను గమనించిన వోల్ఫ్రమ్ షుల్ట్జ్ ప్రయోగాలు ఈ రంగంలో ప్రసిద్ధమైనవి. రసం అనుకోకుండా దొరికితే ఆ కణాలు చురుకెత్తుతాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతి నేర్చుకున్న తర్వాత, అవి రసానికి బదులు దీపానికే చురుకెత్తుతాయి. దీపం వెలిగి కూడా రసం రాకపోతే, రావలసిన ఆ క్షణంలో వాటి చురుకు ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ తగ్గుదలే మెదడుకు ‘ఈసారి తప్పింది, మళ్ళీ ఇటు రాకు’ అని చెప్పే పాఠం. 2004లో మైకేల్ ఫ్రాంక్ బృందం పార్కిన్సన్స్ రోగులను మందు వేసుకున్నప్పుడు, వేసుకోనప్పుడు పరీక్షించింది. మందు లేనప్పుడు వారు తప్పుల నుంచి బాగా నేర్చుకున్నారు; మందు ఉన్నప్పుడు గెలుపుల నుంచి బాగా నేర్చుకున్నారు, ఓటముల పాఠం సరిగ్గా అందలేదు. అగోనిస్టు రకం మందు, అంటే ప్రమిపెక్సోల్‌లా డోపమిన్‌ను అనుకరించేది, రిసెప్టర్లను రోజంతా తడుతూ ఉంటే, కణాలు ఊరుకున్నా ఆ తగ్గుదల అవతలికి తెలియదు. మీ నాన్నగారికి పోయిన ఎనిమిది వేలు పుస్తకంలో అంకెగా చేరింది గానీ, ఆపవలసిన చోటికి దెబ్బగా చేరలేదు. కూడికలు చేసే సామర్థ్యం, జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉండి ఇది మాత్రమే చెడిపోవడం సాధ్యమే. అందుకే ఇంట్లోవాళ్ళకు ఇది జబ్బులా కాక బరితెగింపులా కనిపిస్తుంది.

ఎంతమందిలో? అమెరికా, కెనడాలలో 3,090 మంది రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, జూదం, అదుపులేని కొనుగోళ్ళు, అతిగా తినడం, మితిమీరిన లైంగిక ప్రవర్తన, ఈ నాలుగింటిలో ఏదో ఒకటైనా 13.6 శాతం మందిలో కనిపించింది. అగోనిస్టు వాడేవారిలో ఇది 17.1 శాతం, వాడనివారిలో 6.9 శాతం. నూటికి పదిహేడు అంటే అరుదైన సంగతి కాదు. ప్రతి సందర్శనలోనూ అడగవలసిన ప్రశ్న ఇది. మీ విషయంలో అడగకపోవడం మా వృత్తి లోపమే తప్ప మీ సిగ్గు కాదు.

ఆపవద్దని ఎందుకన్నానంటే, అగోనిస్టును హఠాత్తుగా తగ్గిస్తే కొందరిలో తీవ్రమైన ఆందోళన, చెమటలు, దిగులు, ఆ మందే కావాలన్న తపన వస్తాయి. ఆ ఖర్చుల పుస్తకం, మాత్రల పట్టీలు తీసుకుని వీలైనంత త్వరగా మీ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి. నెమ్మదిగా తగ్గించి, అవసరమైతే లెవోడోపాను (సిండోపాలో ఉన్న, మెదడులో డోపమిన్‌గా మారే మందును) సరిచేస్తారు.

కృష్ణాతీరం

డాక్టరుగారి వివరణ బాగుంది. అయినా ఒక సందేహం. మా వైపు రిటైరైన పెద్దమనుషులు ఎంతోమంది సంక్రాంతి బరుల దగ్గర చేలు పోగొట్టుకున్నారు. వాళ్ళలో ఎవరూ ఈ మాత్ర మింగలేదు. మాత్ర మింగిన నూరు మందిలో 83 మంది ఆ నాలుగింటిలో దేనిలోనూ పడలేదని మీ లెక్కే చెబుతోంది. అంటే అసలు కారణం లోపలెక్కడో ముందే ఉండాలి కదా? మేనమామగారి మాటనే కొంచెం మర్యాదగా చెబుతున్నాను. చేసిన ప్రతి పనికీ మెదడులో ఒక రసాయనం దొరుకుతుంది. అలా చూస్తే ఎవరినీ ఏదీ అడగలేం.

నాడీ వైద్యం, విశాఖ

మంచి అభ్యంతరం, దాటవేయను. కారణం పూర్తిగా మందేనని నేను అనలేదు. అదే అధ్యయనంలో తక్కువ వయసు, పొగతాగే అలవాటు, కుటుంబంలో జూదం చరిత్ర ఉన్నవారిలో ఈ లోపాలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి నేల కొంత ముందే సిద్ధంగా ఉంటుందన్న మీ మాటలో నిజం ఉంది. కానీ ‘అణచుకున్న కోరిక’ అన్న వివరణకు మూడు చోట్ల ఇబ్బంది వస్తుంది.

పార్కిన్సన్స్ ఉన్నా ఇంకా మందు మొదలుపెట్టని వారిలో ఈ ప్రవర్తనలు మామూలు జనంలో కంటే ఎక్కువగా లేవు. ఇది ఒకటి. కాళ్ళు ఊరికే ఉండనివ్వని జబ్బు ఒకటుంది, రాత్రిపూట కాళ్ళు లాగి నిద్ర పట్టదు. దానికి ఇవే మందులు తక్కువ మోతాదులో ఇస్తారు. ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగినప్పుడు ఇచ్చే కాబెర్గోలిన్ కూడా డోపమిన్ అగోనిస్టే. ఆ రోగులకు సబ్‌స్టాన్షియా నైగ్రా చెడలేదు, వాళ్ళలో చాలామంది నడివయసువాళ్ళు, అయినా వాళ్ళలోనూ కొందరు ఇదే విధంగా జూదంలోనో కొనుగోళ్ళలోనో పడ్డారు. ఇక మూడోది, నాకు అన్నిటికంటే బలంగా తోచేది: మందు తగ్గించాక చాలామందిలో ఆ తపన వారాల్లో, నెలల్లో సద్దుమణుగుతుంది. అరవై ఏళ్ళు అణచుకుని బయటపడిన కోరికే అయితే, మిల్లీగ్రాముల లెక్కన వచ్చి మిల్లీగ్రాముల లెక్కన వెనక్కి వెళ్ళదు.

బరి దగ్గర చేలు పోగొట్టుకున్న మీ పెద్దమనుషులకు మాత్ర అవసరం లేకపోయింది, నిజమే. ఎప్పుడొస్తుందో తెలియని గెలుపుకు వాళ్ళ సొంత డోపమినే ఎగిసిపడుతుంది. గుండాట పెట్టేవాడికి ఈ శాస్త్రం చదవకుండానే తెలుసు. అదే దారిలోకి మందు మనిషిని నెడుతుందని నా మాట. మనిషిని ఏదీ అడగకూడదని మాత్రం కాదు.

కరీంనగర్ కోడలు

మా అత్తమ్మ అనుభవం చెబుతాను, మాస్టారి అమ్మాయిగారికి పనికొస్తుందేమో. అత్తమ్మకు వచ్చింది జూదం కాదు, చీరలు. రొపినిరోల్ పెంచిన ఆరో నెల నుంచి టీవీలో చూసి, ఫోనులో చూసి, వీధిలోకి వచ్చిన మూటలవాళ్ళ దగ్గర కూడా కొనడం మొదలైంది. బీరువా నిండాక మంచం కింద పెట్టింది. వందకు పైగా చీరల్లో మడత విప్పినవి నాలుగో అయిదో. కట్టుకోవాలనే ఆశ ఆమెకు లేదు. పెట్టె ఇంటికి వచ్చేదాకా ఎదురుచూడడంలోనే ఉంది అంతా. పెట్టె వచ్చిన రోజు ముఖం వాడిపోయేది. డాక్టరుగారు రాసిన కోతీ దీపమూ చదువుతుంటే నాకు ఆ ముఖమే కళ్ళముందు కదిలింది.

మేము చేసిన తప్పు ఏమిటంటే, ఎవరో చెప్పగా మా ఆయన కోపంతో మాత్రలు ఒక్కసారే దాచేశారు. ఆ వారం నరకం. రాత్రంతా చెమటలు, ఏడుపు, ‘నన్ను చంపుతున్నారు’ అని కేకలు. తర్వాత డాక్టరు మళ్ళీ మొదలుపెట్టించి రెండు నెలల మీద తగ్గించారు. నడక కొంత మందగించింది, అది దాచి చెప్పడం తప్పు. చీరలు ఆగడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఈలోగా డబ్బు విషయం మీరే చూసుకోవాలి, మందు తగ్గేదాకా ఆగకండి. ఖాతాను ఇద్దరి పేర్ల మీదకు మార్చి, ఇద్దరి సంతకంతోనే డబ్బు తీసేలా బ్యాంకులో రాయించండి. ఏటీఎం రోజు పరిమితి తగ్గించండి. పొలం, చెరువు కాగితాలు ఇంట్లో ఉంచకండి. లీజుదారుకు ముందే చెప్పిపెట్టండి. అన్నిటికంటే కష్టమైనది, బయట అప్పులెన్నో కనుక్కోవడం. అరవకుండా అడిగితేనే చెబుతారు.

వనమూలిక

ఈ రసాయన మాత్రలన్నీ మాని దూలగొండి చూర్ణం వాడండి. మన పూర్వులు కంపవాతానికి ఇచ్చినదే. దుష్ప్రభావాలు లేవు.

నాడీ వైద్యం, విశాఖ

దూలగొండిని చిన్నచూపు చూడను. ఆ గింజల నుంచి లెవోడోపాను వేరుచేసి 1937లో ప్రచురించిన దామోదరన్, రామస్వామి మద్రాసు శాస్త్రవేత్తలే; కాయ మీది నూగు తగిలి దురదతో గోక్కున్న ప్రతి పల్లెటూరి పిల్లవాడికీ ఆ తీగ తెలుసు. కానీ అందులో ఉన్నది సిండోపాలో ఉన్న లెవోడోపానే. చూర్ణంలో ఎంత ఉందో చెంచాతో తేలదు. ఇప్పటికే డోపమిన్ ఎక్కువై ఇబ్బంది పడుతున్న మనిషికి, డాక్టరుకు చెప్పకుండా మరింత కలిపితే ఏమవుతుందో ఊహించుకోండి. పూర్వులు ఇచ్చారన్నది నిజం. దుష్ప్రభావాలు లేవన్నది నిజం కాదు.

మాస్టారి అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. మూడు నెలలుగా ఇక్కడికి రాలేదు, జరిగింది చెబుతాను.

పుస్తకం తీసుకుని వెళ్ళి డాక్టరుగారికి చూపించాం. ఆయన రెండు పేజీలు తిరగేసి, వెంటనే తగ్గించడం మొదలుపెట్టారు. ఇప్పుడు రోజుకు 0.75 మిల్లీగ్రాములకు వచ్చాం, సిండోపా ఒక పూట పెంచారు. మొదటి పది రోజులు నాన్నగారు వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నారు, అన్నం సయించలేదు. ఉదయం పూట బిగుసుకుపోవడం కొంత పెరిగింది, గుండీలు మళ్ళీ అమ్మ పెడుతోంది. ఆరో వారం నుంచి తోట వైపు వెళ్ళలేదు. అప్పులు మొత్తం మూడు చోట్ల బయటపడ్డాయి. గొలుసు ఇంకా విడిపించలేదు.

మేనమామ మాత్రం ‘మందు మీద నెట్టేశారు’ అనే అంటున్నారు. నాన్నగారికి ఆ మాట అంతగా తగల్లేదు. ఆయనకు తగిలింది వేరొకటి. మొన్న రాత్రి భోజనం దగ్గర నన్ను అడిగారు: ‘నేను ఆడింది మందు వల్లే అయితే, ఇప్పుడు ఆడకపోవడం కూడా మందు తగ్గించినందువల్లే కదమ్మా? మధ్యలో నేను చేసింది ఏముంది?’ లెక్కల మాస్టారు కదా, సమీకరణం రెండు వైపులా సరిచూస్తారు. నాకు జవాబు తోచలేదు. డాక్టరుగారూ, మీరైతే ఏమంటారు?

నాడీ వైద్యం, విశాఖ

పూర్తి జవాబు నా దగ్గర లేదు గానీ, ఆయనను ఒక్క తేదీ అడిగి చూడండి. బ్యాంకు కార్డు మీరు లాక్కున్నారా, ఆయనే ఇచ్చారా? ఆయనే ఇచ్చి ఉంటే, మోతాదు తగ్గించక ముందా, తర్వాతా?

మాస్టారి అమ్మాయి

ఆయనే ఇచ్చారు. మీ మొదటి జవాబు నేను ఫోనులో చదివి వినిపించిన రోజు రాత్రి అమ్మ చేతిలో పెట్టారట. అప్పటికి పూర్తి మోతాదు మీదే ఉన్నారు, డాక్టరుగారి దగ్గరకు మేము వెళ్ళింది ఆ తర్వాత నాలుగో రోజున. ఇప్పుడే పుస్తకం తీసి చూశాను. తేదీ వేసి, పాలు, కూరగాయల కింద చీమంత అక్షరాలతో ‘కార్డు ఇచ్చాను’ అని రాసుకున్నారు. ఎదురుగా అంకె వేయవలసిన చోట ఒక గీత గీసి వదిలేశారు. రేపు ఉదయం ఆయనకు ఆ పేజీ చూపిస్తాను.